క్వాంటమ్ డాష్ లేజర్ పనితీరును కొలిచి, మెరుగుపరచడం ఎలా?

హైదరాబాద్‌లో ఫొటానిక్స్ ప్రాజెక్టులు చేస్తున్న ఎం.టెక్., పీహెచ్.డి. విద్యార్థులు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: తమ చేతికి వచ్చిన క్వాంటమ్ డాష్ లేజర్‌కు థ్రెషోల్డ్ కరెంటు (లేజర్ పనిచేయడం మొదలవడానికి కావలసిన కనీస కరెంటు) ఎక్కువగా ఉంది, తగ్గించడం ఎలా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. వేడి సరిగా బయటికి పోకపోవడం, వేవ్‌గైడ్‌లో (కాంతిని నడిపించే పొరల్లో) కాంతి నష్టం, ఎక్కించిన కరెంటులో కొంత భాగం డాష్‌లను చేరకపోవడం, అసలు గెయినే (కాంతిని పెంచే శక్తి) చాలకపోవడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఏది కారణమో తేల్చుకోకుండా ఫేసెట్‌కు (అద్దంలా పనిచేసే చిప్ చివరి ముఖానికి) పూత వేయించడానికో, చిప్‌ను మళ్లీ అతికించడానికో, కొత్త వేఫర్ (చిప్‌లు కోసే అర్ధవాహక పళ్లెం) తెప్పించడానికో దిగితే నెలలు గడిచిపోతాయి తప్ప ఫలితం ఉండదు. అందుకే ముందు కొలత, ఆ తరువాత నిర్ణయం, చివరికి మార్పు అనే వరుసలో ఈ పద్ధతిని రాస్తున్నాను.

సిద్ధాంతం అవసరమైనంత వరకే చెబుతాను. ఇండియం ఫాస్ఫైడ్ ఆధారంగా పెంచిన పొరల మీద ఇండియం ఆర్సెనైడ్‌ను పలుచగా పేరిస్తే, రెండింటి స్ఫటిక జాలకాల మధ్య ఉన్న సుమారు 3 శాతం తేడా వల్ల అది చదునైన పొరగా నిలవకుండా, ఒకే దిక్కుకు తిప్పి పేర్చిన బియ్యపు గింజల్లా పొడవాటి దీవులుగా విడిపోతుంది. వాటి ఎత్తు కొద్ది నానోమీటర్లు, పొడవు పదుల నుంచి వందల నానోమీటర్లు. ఇవే డాష్‌లు. గది ఉష్ణోగ్రత వద్ద పనిచేసే ఇటువంటి లేజర్‌ను అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయ బృందం 2001లో ప్రచురించింది. ఫైబర్ కమ్యూనికేషన్‌కు కావలసిన 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాన్ని ఇవి సులభంగా అందుకుంటాయి. డాష్‌ల పరిమాణాలు ఒక్కలా ఉండవు కనుక గెయిన్ అనేక తరంగదైర్ఘ్యాల మీద చాలా వెడల్పుగా పరుచుకుంటుంది. ఫ్రీక్వెన్సీ కాంబ్ (సమాన దూరాల్లో ఉన్న అనేక ఫ్రీక్వెన్సీల కాంతి) కావాలనుకునేవారికి ఇది మేలు చేస్తుంది, అతి తక్కువ థ్రెషోల్డ్ కావాలనుకునేవారికి అడ్డు వస్తుంది. మీకు ఈ రెంటిలో ఏది ముఖ్యమో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

కావలసినవి

- ఒకే వేఫర్ నుంచి కోసిన, కనీసం నాలుగు వేర్వేరు పొడవులున్న చిప్‌లు. 0.5, 1, 1.5, 2 మిల్లీమీటర్లు అయితే బాగుంటుంది. వేఫర్ నాణ్యతను తేల్చే దశలో 50 లేదా 100 మైక్రాన్ల వెడల్పున్న బ్రాడ్ ఏరియా లేజర్లే అడగండి. సన్నని రిడ్జ్‌లో (కాంతిని ఇరుకు దారిలో ఉంచే గట్టులో) కరెంటు పక్కలకు ఎంత పాకిందో తెలియదు కనుక కరెంటు సాంద్రత లెక్క తప్పుతుంది.
- పల్స్ కరెంటు సోర్స్, నిరంతర కరెంటు సోర్స్, ఉష్ణోగ్రత కంట్రోలర్, ఆసిలోస్కోప్.
- ఇండియం గాలియం ఆర్సెనైడ్ లేదా జెర్మేనియం డిటెక్టర్. ల్యాబ్‌లో అందుబాటులో ఉందని సిలికాన్ డిటెక్టర్ వాడకండి. 1100 నానోమీటర్లు దాటాక దానికి దాదాపు ఏమీ కనిపించదు.
- ఆప్టికల్ స్పెక్ట్రమ్ అనలైజర్, 1550 నానోమీటర్లకు సరిపడే ఐసోలేటర్, ఏటవాలు చివర ఉన్న ఫైబర్.
- రాగి దిమ్మె, పెల్టియర్ మాడ్యూల్, 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్, పొడి నైట్రోజన్.

పెల్టియర్ మాడ్యూళ్లు, థర్మిస్టర్లు, రెసిస్టర్లు, బీఎన్‌సీ కేబుళ్లు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. రాగి దిమ్మెను బాలానగర్‌లోని మెషీన్ షాపుల్లో చేయించుకోవచ్చు, అయితే చిప్ కూర్చునే అంచు పదునుగా, మిగులు లోహపు పిసరు కూడా లేకుండా ఉండాలని డ్రాయింగ్‌లోనే రాసి ఇవ్వండి. అంచు గుండ్రంగా వస్తే చిప్ ముందు భాగానికి ఆధారం ఉండదు.

హెచ్చరిక: ఈ కాంతి కంటికి కనిపించదు. బీమ్ ఎటు పోతోందో ఇన్‌ఫ్రారెడ్ కార్డుతోనే చూడాలి, తగిన కళ్లద్దాలు లేకుండా చిప్ ఎత్తుకు తల వంచకూడదు.

1. చిప్‌ను మైక్రోస్కోప్ కింద చూడండి

కొలత మొదలుపెట్టక ముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది ఫేసెట్. మంచి ఫేసెట్ అద్దంలా ఒకే రీతిలో మెరుస్తుంది. వేఫర్‌ను 100 నుంచి 120 మైక్రాన్ల వరకు పలుచన చేయకుండా విరిచి ఉంటే, పైనుంచి కిందికి గీతలు, మెట్లు కనిపిస్తాయి. ఆ గీత సరిగ్గా రిడ్జ్ కింద పడితే ఆ చిప్‌ను పక్కన పెట్టండి, దాని మీద తీసిన ఏ అంకె అయినా మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

రెండవది దిశ. కాంతి విద్యుత్ క్షేత్రం డాష్ పొడవు వెంబడి ఉన్నప్పుడు గెయిన్ ఎక్కువ. అందువల్ల లేజర్ కేవిటీ (రెండు ఫేసెట్ల మధ్య కాంతి తిరిగే దారి) డాష్‌లకు లంబంగా ఉండాలి. దిశ మారిన చిప్‌లలో థ్రెషోల్డ్ స్పష్టంగా పెరుగుతుంది, దానికి ఏ పూతా మందు కాదు. వేఫర్ ఇచ్చినవారిని పెద్ద ఫ్లాట్ (దిశకు గుర్తుగా వేఫర్ అంచున కోసిన చదునైన భాగం) ఏ దిక్కుకు ఉందో, రిడ్జ్‌లు దానికి ఎలా ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. అనుమానం తీరకపోతే, పై పొర తీసిన లేదా పూడ్చని నమూనా ఒకటి తీసుకుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడవచ్చు. ఆ సౌకర్యం యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లోనూ, కందిలోని ఐఐటీలోనూ ఉంది.

2. చిప్‌ను అమర్చండి

తొలి కొలతలకు చిప్‌ను పీ వైపు (పీ రకం పొరలున్న ముఖం) పైకి ఉండేలా పెట్టి ప్రోబ్‌తో కరెంటు ఇస్తే చాలు. ఫేసెట్ రాగి అంచుకు సమంగా, లేదా కొద్ది మైక్రాన్లు బయటికి ఉండాలి. లోపలికి జరిగితే బీమ్ కింది సగం రాగికి తగిలి పోతుంది, అప్పుడు పవర్ తక్కువగా చూపుతుంది. మరీ బయటికి జరిగితే ఫేసెట్ వేడెక్కుతుంది. థర్మిస్టర్‌ను దిమ్మె చివర కాకుండా చిప్‌కు వీలైనంత దగ్గరగా బిగించండి.

హైదరాబాద్ వాతావరణం ఇక్కడ రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ ఎక్కువ. ల్యాబ్‌లో 26 డిగ్రీల సెల్సియస్, 70 శాతం తేమ ఉన్నాయనుకోండి, దిమ్మెను 20 డిగ్రీలకు దించగానే దాని మీద నీరు పట్టడం మొదలవుతుంది. ఫేసెట్ మీద సన్నని పొగమంచులాంటి పొర ఏర్పడి, పవర్ మెల్లగా జారిపోతూ ఉంటుంది. కొత్తవారు దీన్ని చిప్ పాడైపోవడంగా పొరబడతారు. చిన్న ప్లాస్టిక్ మూత కింద పొడి నైట్రోజన్ పారించండి, లేదా ఆ నెలల్లో 25 డిగ్రీలనే మీ ప్రామాణిక ఉష్ణోగ్రతగా పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇందుకు భిన్నంగా గాలి ఎండిపోయి ఉంటుంది, చేతి నుంచి దూకే స్థిర విద్యుత్తు జంక్షన్‌ను (పీ, ఎన్ రకం పొరలు కలిసే చోటును) చంపేస్తుంది. మణికట్టు పట్టీ తప్పనిసరి. కరెంటు పోతే సోర్స్ ఒక్కసారిగా ఆగి తిరిగి రావడం కూడా చిప్‌కు ప్రమాదమే, కనుక సోర్స్‌నూ కంట్రోలర్‌నూ యూపీఎస్ మీదే నడపండి.

3. ముందుగా పల్స్‌లతో కొలవండి

పల్స్ వెడల్పు 500 నానోసెకన్లు, సెకనుకు 1000 పల్స్‌లు పెట్టండి. డ్యూటీ సైకిల్ 0.05 శాతం అవుతుంది, చిప్ వేడెక్కదు. లేజర్ నిరోధం కొద్ది ఓమ్‌లే కనుక, 50 ఓమ్‌ల పల్స్ సోర్స్‌కు సరిపోయేలా చిప్‌కు దగ్గరగా 47 ఓమ్‌ల రెసిస్టర్‌ను శ్రేణిలో కలపండి. ఇది మెటల్ ఫిల్మ్ రకం కావాలి. తీగ చుట్టిన రకం కొంటే దాని ఇండక్టెన్స్ వల్ల పల్స్ అంచులు ఊగుతాయి. ఆ ఊపులో వోల్టేజి సున్నా కిందికి దిగితే జంక్షన్ దెబ్బతింటుంది, కాబట్టి లేజర్‌కు సమాంతరంగా ఒక షాట్కీ డయోడ్‌ను తిరగేసి పెట్టడం మంచిది. కరెంటును సోర్స్ డయల్ మీద చదవకుండా, కరెంటు ప్రోబ్‌తో ఆసిలోస్కోప్ మీద చూసి రాసుకోండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు పవర్ లెక్కలో. మీటర్ చూపేది సగటు పవర్. గరిష్ఠ పవర్ 20 మిల్లీవాట్లు ఉంటే పై డ్యూటీ సైకిల్‌కు మీటర్ మీద 10 మైక్రోవాట్లే కనిపిస్తాయి. మీటర్ సున్నాలో అర మైక్రోవాట్ తేడా ఉన్నా, లెక్కలో అది 1 మిల్లీవాట్‌గా మారుతుంది. కనుక ప్రతి వరుస కొలతకు ముందు కరెంటు ఆపి సున్నా సరిచేయండి, మీటర్ తరంగదైర్ఘ్యాన్ని 1550కి మార్చారో లేదో చూడండి.

కరెంటు, పవర్ గ్రాఫు గీసి, థ్రెషోల్డ్ పైనున్న సరళ భాగాన్ని వెనక్కి పొడిగించి థ్రెషోల్డ్ తీయండి. మోకాలు దగ్గర ఉన్న వంపు బిందువులను ఆ గీతలో కలపకండి. గీత వాలును రెండు ఫేసెట్లకూ కలిపి, ఆంపియర్‌కు వాట్‌లలో తీసుకుని 0.8తో భాగిస్తే అవకలన దక్షత (అదనంగా ఎక్కించిన ఎలక్ట్రాన్లకు, వెలువడిన ఫోటాన్లకు ఉన్న నిష్పత్తి) వస్తుంది. 1550 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావడమే ఆ అంకెకు కారణం. ఒక ఫేసెట్ పవర్‌ను రెట్టింపు చేయడం రెండు ఫేసెట్లూ పూత లేకుండా ఉన్నప్పుడే చెల్లుతుంది.

గ్రాఫులో చిన్న చిన్న మెట్లు కనిపిస్తే చిప్‌ను అనుమానించే ముందు, ఎదురుగా ఉన్న ఫైబర్ చివరనో డిటెక్టర్ కిటికీనో కొద్దిగా వంచి చూడండి. మెట్లు జరిగితే అవి వెనక్కి తగిలిన కాంతి వల్ల వచ్చినవే.

4. నిరంతర కరెంటుతో పోల్చండి

అదే చిప్‌ను, అదే ఉష్ణోగ్రత వద్ద నిరంతర కరెంటుతో కొలవండి. రెండు థ్రెషోల్డ్‌లూ దాదాపు ఒకటే అయితే వేడి మీ సమస్య కాదు. నిరంతర కరెంటులో థ్రెషోల్డ్ బాగా పెరిగి, పవర్ త్వరగా వంగిపోతే ఉష్ణ నిరోధాన్ని లెక్కకట్టండి. ఈ చిప్‌లలో ఒక్కొక్క మోడ్ (కేవిటీలో నిలిచే తరంగదైర్ఘ్యం) శిఖరం డిగ్రీకి సుమారు 0.1 నానోమీటర్ చొప్పున ఎరుపు వైపు జరుగుతుంది. ముందు పల్స్ కరెంటుతో, దిమ్మె ఉష్ణోగ్రతను మార్చి మీ చిప్ కచ్చితమైన అంకెను తీసుకోండి. తరువాత నిరంతర కరెంటు పెంచుతూ శిఖరం ఎంత జరిగిందో చూడండి. ఉదాహరణకు, వేడిగా మారిన పవర్ 0.3 వాట్లు పెరిగినప్పుడు శిఖరం 1.5 నానోమీటర్లు జరిగితే జంక్షన్ 15 డిగ్రీలు వేడెక్కిందన్న మాట, నిరోధం వాట్‌కు 50 డిగ్రీలు. వేడిగా మారిన పవర్ అంటే విద్యుత్ పవర్ నుంచి కాంతి పవర్‌ను తీసివేయగా మిగిలినది అని మరచిపోవద్దు.

వోల్టేజిని కూడా నమోదు చేయండి. థ్రెషోల్డ్ దాటాక వోల్టేజి వాలు కొద్ది ఓమ్‌లకు మించి ఉంటే కాంటాక్ట్ బాగోలేదు, వేడికి మూలం అక్కడే ఉండవచ్చు.

5. పొడవు మార్చి నష్టాన్ని విడదీయండి

నా దృష్టిలో మొత్తం పనికి ఇదే కీలకం, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఒక్క చిప్ థ్రెషోల్డ్ చూసి అంతర్గత నష్టం (వేవ్‌గైడ్ లోపలే పోయే కాంతి) గురించి మాట్లాడటానికి వీల్లేదు.

ఒక్కొక్క పొడవుకు కనీసం మూడు నాలుగు చిప్‌లు కొలిచి, వాటిలో మంచి వాటిని తీసుకోండి. అడ్డంగా కేవిటీ పొడవు, నిలువుగా అవకలన దక్షత విలోమం పెట్టి గ్రాఫు గీయండి. బిందువులు సరళరేఖ మీద పడాలి. రేఖ నిలువు అక్షాన్ని తాకిన చోటి విలువకు విలోమమే అంతర్గత దక్షత. రేఖ వాలును ఆ అంతర్గత దక్షతతోనూ, 1.2తోనూ గుణిస్తే అంతర్గత నష్టం వస్తుంది. పూత లేని ఫేసెట్ పరావర్తనం 0.3, దాని విలోమానికి సహజ సంవర్గమానం 1.2, ఆ అంకె అక్కడి నుంచి వచ్చింది.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. దక్షతలు 0.5 మిల్లీమీటర్‌కు 42.4 శాతం, 1కి 32.7, 1.5కి 26.7, 2కి 22.5 శాతం వచ్చాయనుకోండి. విలోమాలు వరుసగా 2.36, 3.06, 3.75, 4.44. రేఖ నిలువు అక్షాన్ని 1.67 వద్ద తాకుతుంది, అంటే అంతర్గత దక్షత 60 శాతం. వాలు మిల్లీమీటర్‌కు 1.39, కనుక అంతర్గత నష్టం మిల్లీమీటర్‌కు 1, అంటే సెంటీమీటర్‌కు 10. ఈ ఫలితం రెండు సంగతులు చెబుతోంది: ఎక్కించిన కరెంటులో 40 శాతం డాష్‌ల దగ్గర కాంతిగా మారకుండానే పోతోంది, వేవ్‌గైడ్ నష్టం కూడా 1 మిల్లీమీటర్ చిప్ అద్దాల నష్టమైన (ఫేసెట్ల గుండా బయటికి పోయే కాంతి) 12కు దగ్గరగా ఉంది.

జాగ్రత్త: డాష్‌ల గెయిన్ త్వరగా సంతృప్తమవుతుంది. పొడవు బాగా తగ్గిన చిప్‌లో అద్దాల నష్టాన్ని తట్టుకోవడానికి అది పై శక్తి స్థాయిలను వాడుకుంటుంది, అప్పుడు థ్రెషోల్డ్ కరెంటు సాంద్రత ఒక్కసారిగా పెరిగి, తరంగదైర్ఘ్యం నీలం వైపు దూకుతుంది. అలా దూకిన చిప్‌ను ఈ రేఖలో కలపకూడదు. అందువల్ల ప్రతి చిప్‌కూ వర్ణపటం తీసి రేఖ పక్కనే తరంగదైర్ఘ్యం రాయండి.

6. ఉష్ణోగ్రత లక్షణాన్ని తీయండి

పల్స్‌లతోనే, 20 నుంచి 60 డిగ్రీల వరకు 10 డిగ్రీల చొప్పున థ్రెషోల్డ్ కొలవండి. థ్రెషోల్డ్ సహజ సంవర్గమానాన్ని ఉష్ణోగ్రతతో గీస్తే వచ్చే వాలు విలోమమే లక్షణ ఉష్ణోగ్రత, ల్యాబుల్లో టీ-నాట్ అంటాం. 20 వద్ద 60, 60 వద్ద 110 మిల్లీఆంపియర్లు వస్తే టీ-నాట్ సుమారు 66 కెల్విన్‌లు. 1982లో జపాన్ పరిశోధకులు అరకావా, సకాకీ అన్ని దిక్కులా బంధించిన ఎలక్ట్రాన్లతో థ్రెషోల్డ్ ఉష్ణోగ్రతకు లొంగదని లెక్కగట్టారు. నిజమైన డాష్ లేజర్లు ఆ ఆదర్శానికి దూరంగానే ఉన్నాయి, కనుక 60, 70 వచ్చిందని మీ కొలతను అనుమానించనక్కర్లేదు. నిరంతర కరెంటుతో తీసిన టీ-నాట్‌ను మాత్రం ఎక్కడా రాయవద్దు, అందులో మీ అతుకు నాణ్యత కూడా కలిసిపోయి ఉంటుంది.

7. ఇప్పుడు మార్పును ఎంచుకోండి

వేడి దోషి అయితే: చిప్‌ను పీ వైపు కిందికి తిప్పి అతికించండి. 80 శాతం బంగారం, 20 శాతం తగరం ఉన్న సోల్డర్ 280 డిగ్రీల వద్ద కరుగుతుంది, గట్టిగా నిలుస్తుంది. ఇండియం 157 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మెత్తన కనుక చిప్ మీద ఒత్తిడి తక్కువ, కానీ కాలక్రమంలో పాకే గుణం ఉంది. ల్యాబ్ ప్రయోగాలకు ఇండియం చాలు. పీ వైపు కింద పెట్టినప్పుడు సోల్డర్ ఎక్కువైతే ఫేసెట్ మీదికి ఎగబాకి జంక్షన్‌ను షార్ట్ చేస్తుంది. అతికించిన వెంటనే తక్కువ వోల్టేజి వద్ద లీకేజి కరెంటు చూస్తే ఇది బయటపడుతుంది.

అద్దాల నష్టం ఎక్కువైతే: వెనుక ఫేసెట్‌కు అధిక పరావర్తన పూత వేయించండి, లేదా పూత ఖర్చు లేకుండా పొడవాటి చిప్ వాడండి. 1 మిల్లీమీటర్ చిప్‌లో వెనుక పరావర్తనం 95 శాతం అయితే అద్దాల నష్టం సెంటీమీటర్‌కు 12 నుంచి సుమారు 6.3కు తగ్గుతుంది. సిలికా 267, అమార్ఫస్ సిలికాన్ సుమారు 110 నానోమీటర్ల జత ఒకటి వేస్తే 80 శాతం, రెండు వేస్తే 96 శాతం వరకు వస్తుంది. సిలికా పొర తప్పక చిప్‌కు ఆనుకుని ఉండాలి. ఒక్క జతలో వరుస తారుమారైతే పరావర్తనం 8 శాతానికి పడిపోయి, థ్రెషోల్డ్ తగ్గకపోగా పెరుగుతుంది. ఇప్పటికే అంతర్గత నష్టం ఎక్కువగా ఉన్న చిప్‌కు పూత వేస్తే థ్రెషోల్డ్ తగ్గినా, దక్షత కూడా పడిపోతుంది. 5వ దశ చేయకుండా పూతకు పోవద్దనేది అందుకే.

అంతర్గత నష్టం, తక్కువ గెయిన్, బలహీనమైన టీ-నాట్, ఈ మూడూ వేఫర్‌లోని సంగతులు. బెంచ్ మీద వీటిని బాగుచేయలేరు, కానీ వేఫర్ పెంచేవారిని ఏం కోరాలో మీ అంకెలు చెబుతాయి:

- గెయిన్ చాలకపోతే డాష్ పొరల సంఖ్య పెంచమనండి. ప్రతి పొరా అదనపు కరెంటు కోరుతుంది, ఒత్తిడి పోగుపడి లోపాలు పుడతాయి, కనుక ఒకటి రెండు పొరల చొప్పున పెంచడమే మేలు.
- టీ-నాట్ తక్కువైతే బారియర్లలో (డాష్‌ల చుట్టూ ఉండే పొరల్లో) పీ రకం డోపింగ్ అడగవచ్చు. దీనితో అంతర్గత నష్టం పెరుగుతుంది. నష్టం ముందే ఎక్కువగా ఉన్న వేఫర్‌కు నేను దీన్ని సూచించను.
- అంతర్గత దక్షత తక్కువైతే ఎలక్ట్రాన్లు బయటికి పొంగకుండా బారియర్ ఎత్తు పెంచడం, లేదా పక్కనే ఉన్న క్వాంటమ్ వెల్ (ఎలక్ట్రాన్లను బంధించే పలుచని చదునైన పొర) నుంచి డాష్‌లోకి టన్నెలింగ్ ద్వారా ఎలక్ట్రాన్లను ఎక్కించే నిర్మాణం పరిశీలించమనండి.
- ఫొటోలూమినెసెన్స్ (బయటి కాంతి పడినప్పుడు వేఫర్ వెలువరించే కాంతి) వర్ణపటం మరీ వెడల్పుగా ఉంటే డాష్‌ల సమానత్వం లోపించింది. పెరుగుదల ఉష్ణోగ్రత, ఇండియం ఆర్సెనైడ్ మోతాదు, పైపొర వేసే పద్ధతి మార్చి చూడాలి. మీకు కావలసింది కాంబ్ అయితే మాత్రం ఈ వెడల్పును చెడగొట్టుకోవద్దు.

కాంబ్ కోరుకునేవారికి ఒక అదనపు మాట. 1 మిల్లీమీటర్ చిప్‌లో మోడ్‌ల మధ్య దూరం సుమారు 43 గిగాహెర్ట్జ్ ఉంటుంది. చిప్ బాగుందా లేదా అన్నది థ్రెషోల్డ్ కన్నా, వేగమైన ఫోటోడయోడ్ మీద ఆ ఫ్రీక్వెన్సీ వద్ద కనిపించే బీట్ శిఖరం (మోడ్‌లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే సంకేతం) ఎంత సన్నగా ఉందో చూస్తే తెలుస్తుంది. ఐసోలేటర్ లేకుండా ఈ కొలత చేస్తే శిఖరం ఊరికే వెడల్పవుతుంది.

8. మార్పు పనిచేసిందో లేదో సరిచూడండి

మార్పుకు ముందు కొలిచిన చిప్‌నే తరువాత కూడా కొలవండి, దాని తోటి చిప్‌ను కాదు. ఒకే బార్‌లో (వేఫర్ నుంచి విరిచిన పట్టీలో) పక్కపక్కనే ఉన్న చిప్‌ల మధ్య కూడా తేడా ఉంటుంది. మార్పు చేయని మరో చిప్‌ను ప్రతిసారీ దానితో పాటు కొలవండి. అది కూడా మారితే తేడా మీ సెటప్‌లో ఉంది. ఒక ఫేసెట్‌కు పూత వేశాక ముందు, వెనుక పవర్‌లను విడివిడిగా కొలిచి కలపాలి, ముందు పవర్‌ను రెట్టింపు చేయకూడదు. కరెంటును పెంచుతూ ఒకసారి, దించుతూ మరోసారి గ్రాఫు తీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడకపోతే కొలత మధ్యలో చిప్ వేడెక్కుతోంది, లేదా ప్రోబ్ కదులుతోంది. చివరగా, థ్రెషోల్డ్‌కు రెట్టింపు కరెంటు వద్ద కొన్ని గంటలు నడిపి, మళ్లీ పల్స్ గ్రాఫు తీసి, మొదటి గ్రాఫుతో ఒకే కాగితం మీద గీయండి. థ్రెషోల్డ్ నిలకడగా ఉండి వాలు మాత్రమే తగ్గితే ముందుగా ఫేసెట్‌నూ డిటెక్టర్ అమరికనూ చూడండి. థ్రెషోల్డే పెరిగితే చిప్ లోపలే లోపం పెరుగుతోందని రాసుకుని, అదే బార్‌లోని మరో చిప్ మీద ఈ నడకను మళ్లీ చేయండి.